జూన్ నెల స్టాకు రిజిస్టరు

పూతలపట్టు రోడ్డులో
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ్నించి బ్రిడ్జి దాకా లారీలు.
అంతా తోతాపురి కాయ.
మూడో దినానికి లారీ అడుగున కాయ పులిసింది.
వాసనకు ఈగలొచ్చినాయి
ఈగల ఎనకాల టీ బండ్లొచ్చినాయి
టీ బండ్ల ఎనకాల, పొద్దు గూకినాక,
మావాళ్లొచ్చినారు.

మావాళ్లంటే ఎవురో కాగితాల్లో ఒక పేరుండాది.
హై రిస్క్ గ్రూపు.
నాకు మాత్రం వాళ్లు
అప్పడిగితే లేదనని మొగిలమ్మ,
తీసుకున్న అప్పు తీర్చని దేశమ్మ,
గడ్డం గీకి గీకి చెంప మండితే
నా కొబ్బరినూనె సీసా ఖాళీ చేసే హరిణి.

నేను చెంగమ్మ.
పదకొండేండ్ల కిందట
ఈ లారీల నీడలోనే నిలబడినదాన్ని.
ఈ ఉద్యోగానికి అదే నా సర్టిఫికెట్టు.
జీతం నెలకు ఐదువేలు,
వచ్చిన నెలలో.

మార్చి ముప్పై ఒకటికి పాత సాంక్షన్ అయిపాయ.
కొత్తది ఫైల్లో ఉండాదంట.
ఫైలు యాడుండాదో యుగంధర్ సారుకు గూడా తెలీదు.
రక్తపరీక్ష వ్యాను
డీజిల్ లేక ఆస్పత్రి గోడ పక్కన నిలిచిపోయింది,
దాని కింద కుక్క ఈనింది.
కాయకు ఇవేం తెలుసు?
మాగే దినానికి మాగింది.

కట్టమంచిలో మాకొక బాడుగ గది ఉండె.
ఒక ఫ్యాను, ఒక అద్దం, బకెట్టు నీళ్లు,
ఎవురికీ జవాబు చెప్పకుండా
పగలు గంటసేపు కాళ్లు జాపుకునే చాప.
మూడు నెలల బాడుగ నిలిచింది.
ఓనరు మంచోడే.
తాళం వేసేటప్పుడు
అద్దం పగలకుండా బయట గోడకానించి పోయినాడు.
హరిణి ఇప్పుడు వీధిలోనే బొట్టు దిద్దుకుంటాది.

మనిషికి పది పాకెట్లిచ్చే కాడ
మూడిచ్చినా.
మొగిలమ్మ ఎంచుకోని నవ్వింది.
"నాలుగోవోడికి ఏం చెప్పేదక్కా?
ఫండు రాలేదు, రెండు నెలలాగి రా నాయనా అనేదా?"

పోయిన వారం లెక్కలు చూసే సారొకాయన వచ్చినాడు.
"ఇన్నేండ్లుగా ఇంత ఖర్చు రాసినారు.
ఫలితం ఏదమ్మా, చూపించు."
చూపిద్దామనే లేచినా.
లేచి గమ్మున నిలబడినా.
ఏం చూపేది?
దేశమ్మ నెత్తర్లో లేనిదాన్నా?
డ్రైవరు సెల్వం తిరువణ్ణామలైకి మోసకపోనిదాన్నా?
అక్కడ వాడి పెండ్లాం కడుపులో
బిడ్డకంటనిదాన్నా?
తగిలిన దెబ్బకు మచ్చుంటాది.
రాని జబ్బుకు రసీదు ఎవురిస్తారు సార్
అని అడగాలనుకున్నా.
అడగలా. టీ తెప్పించినా.
ఆ టీకి మాత్రం వోచరు రాయించుకున్నాడు.

ఆయప్ప పోయినాక తోచింది.
గంగాధర నెల్లూరు తోటల్లో
ఈగ వాలకముందే కాయకు కాగితం సంచి కడతారు.
పురుగేదీ, చూపించు అని
ఏ రైతునూ ఎవురూ అడగరు.
మంచి మాటలన్నీ ఇట్లే,
మనుషులు బస్సెక్కినాకే వస్తాయి.

ఈ రాత్రి ఆఖరి డబ్బా.
సెల్వం లారీ కింద పడుకోనుండె క్లీనరు పిలగాడు,
మీసం ఇంకా సరిగ్గా రాలా,
తల వంచుకోని చెయ్యి చాపినాడు.
ఊరేదిరా అంటే చెప్పలా.
ఉన్న రెండూ ఇచ్చినా.
ఎట్లా వాడాలో చెప్తా ఉంటే
చెవులు ఎర్రగా కందిపాయ వాడికి.

ఇంటికొచ్చి రిజిస్టరు తెరిచినా.
ప్రారంభ నిల్వ, వచ్చినవి, పంచినవి.
ముగింపు నిల్వ కాడ సున్నా చుట్టినా.
చివర రిమార్కులని ఒక గడి ఉంటాది.
ఇన్నేండ్లలో దాంట్లో ఒక్క అక్షరం రాసి ఎరగను.
ఈ నెల రాసినా:

లారీలు ఇంకా నూట నలభై ఉండాయి.